అద్దెల నగరంలో మద్దతు విలువ

ధరలు పెరిగి కుటుంబాలు సతమతమవుతున్న కాలంలో స్థానిక ఎన్నికల అభ్యర్థిని బలపరిచేవారు సాధారణంగా ఆ అభ్యర్థి ప్రజల కష్టాన్ని గుర్తించాడా లేదా అన్నదే చూస్తారు. అయితే నగరపాలక పదవికి ధరలపై ఉన్న అధికారం స్వల్పం గనుక, హామీల్లో ఏవి ఆ పదవి పరిధిలోనివి, ఏవి పై ప్రభుత్వం చేతిలోనివి అని వేరుచేయని మద్దతు ఓటరుకు అంతగా ఉపకరించదు. 2025 నవంబరు 4న జరిగిన న్యూయార్క్ మేయర్ ఎన్నిక ఈ తేడాను స్పష్టంగా చూపింది.

ఆ ఎన్నికలో గెలిచిన డెమొక్రాటిక్ అభ్యర్థి జొహ్రాన్ మమ్దానీ తన ప్రచారాన్ని జీవనవ్యయం చుట్టూ నడిపి, అద్దెల స్తంభన, ఉచిత బస్సు ప్రయాణం, ఉచిత శిశుసంరక్షణ, నగరమే నడిపే కిరాణా దుకాణాలు వంటి హామీలిచ్చారు. వీటిలో మేయరు చేతికి దాదాపు నేరుగా అందేది మొదటిది. న్యూయార్క్‌లో సుమారు పది లక్షల ఇళ్లు 'స్థిరీకృత అద్దె' పద్ధతి కిందకు వస్తాయి. అంటే వాటి అద్దె ఏటా ఎంతవరకు పెంచవచ్చునో తొమ్మిదిమంది సభ్యుల మండలి ఒకటి నిర్ణయిస్తుంది, ఆ సభ్యులను నియమించేది మేయరే. బిల్ డి బ్లాసియో మేయరుగా ఉండగా 2015, 2016, 2020లలో ఈ మండలి ఏడాది ఒప్పందాలకు పెంపు లేదని తీర్మానించింది కాబట్టి ఈ హామీ గాలిలో మేడ కాదు. కాని స్తంభన వల్ల మేలు పొందేది అటువంటి ఇంట్లో ఇప్పటికే ఉంటున్నవారు. అద్దె ఇళ్లలో ఖాళీలు 1.4 శాతమేనని 2023 సర్వేలో తేలిన నగరంలో కొత్తగా ఇల్లు వెతుక్కునేవారికి దానివల్ల ఒరిగేది తక్కువ. మరమ్మతుల ఖర్చు పెరుగుతుండగా రాబడి పెరగని పాత భవనాల యజమానుల వాదనను వట్టి స్వార్థమని కొట్టిపారేయడమూ సరికాదు. ఈ పరిమితిని దాచకుండా చెప్పి ఇచ్చిన మద్దతుకే నిలకడ ఉంటుంది.

మిగిలిన హామీల కథ వేరు. నగర బస్సులు రాష్ట్ర ప్రభుత్వం ఏర్పరచిన రవాణా సంస్థ అధీనంలో ఉండగా, సంపన్నులపై ఆదాయపు పన్ను పెంచి నిధులు సమకూర్చుకోవాలంటే రాష్ట్ర రాజధాని ఆల్బనీలోని శాసనసభ ఒప్పుకోవాలి.

ఇక మద్దతు ప్రకటించే తీరు విషయానికొస్తే, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో పార్టీ గుర్తులు లేకుండా జరిగే పంచాయతీ ఎన్నికల్లో 'పార్టీ బలపరిచిన అభ్యర్థి' అన్న మాట వినిపిస్తుంది. అమెరికాలో అలా బలపరిచే పనిని పార్టీ నాయకులతోపాటు పత్రికలూ సంతకం పెట్టినంత లాంఛనంగా చేస్తాయి. స్థానిక ఎన్నికల్లో ఇక ఎవరినీ బలపరచబోమని 2024లో ప్రకటించిన న్యూయార్క్ టైమ్స్ సంపాదక మండలి, 2025 జూన్‌లో పార్టీ అభ్యర్థిని ఎంపిక చేసే ప్రైమరీకి ముందు, ఓటర్లు ప్రాధాన్య క్రమంలో ఐదుగురి వరకు గుర్తించే బ్యాలెట్‌లో మమ్దానీకి చోటివ్వవద్దని రాసింది. ఫలానావారు కావాలని చెప్పే బాధ్యతను వదులుకొని, ఫలానావారు వద్దని చెప్పే హక్కును మాత్రం అట్టిపెట్టుకోవడం విచిత్రమే.

ఏ హామీ ఎవరి పరిధిలోనిదన్న దృష్టితో చూస్తే న్యూయార్క్ రాష్ట్ర గవర్నర్ క్యాథీ హోకుల్ సెప్టెంబరులో ప్రకటించిన మద్దతు బరువైనది, ఎందుకంటే మేయరుకు లేని తాళంచెవులు కొన్ని ఆమె దగ్గరే ఉన్నాయి. ఆదాయపు పన్ను పెంపునకు సుముఖంగా లేనని చెబుతూనే ఆమె మమ్దానీని బలపరిచారు. అందువల్ల ఏ హామీకి దారి తెరుచుకోవచ్చో, ఏది అడ్డుపడుతుందో ఓటరు ముందే అంచనా వేసుకునే వీలు కలిగింది. మమ్దానీ పదవి చేపట్టిన 2026 జనవరిలోనే రెండేళ్ల పిల్లల ఉచిత సంరక్షణకు రాష్ట్ర నిధులిస్తామని ఆమె ఆయనతో కలిసి ప్రకటించారు. మరోవైపు, అంతకుముందే రవాణా సంస్థ తీసుకున్న నిర్ణయం ప్రకారం, అదే నెలలో బస్సు చార్జీ 2.90 డాలర్ల నుంచి 3 డాలర్లకు పెరిగింది.