సెంచూరియన్‌తో ప్రేమలో పడేముందు

కథ మీకు తెలిసే ఉంటుంది. రోమన్లు అడుగుపెట్టిన బ్రిటన్. అడవి, వెన్నెల, ఓక్ చెట్టు. తెల్లబట్టల్లో ఒక డ్రూయిడ్ పూజారిణి. గుర్రం మీంచి పడి గాయపడిన రోమన్ అధికారి. ఆమె పసరు కడుతుంది. నాలుగో అధ్యాయానికల్లా అతను ఆమె భాష నేర్చేసుకుంటాడు. పదో అధ్యాయంలో తన సైన్యాన్నే ప్రశ్నించడం మొదలుపెడతాడు. ఈలోగా ఒక ముసలి పూజారిణి నిప్పుల్లోకి చూసి జోస్యం చెప్తుంది: ఈ రెండు రక్తాలూ కలవాలి, పుట్టే బిడ్డ కోసమే ఇదంతా.

ఇలాంటివి నేను కుప్పలు చదివాను. హాస్టల్లో లైట్లు ఆర్పేశాక ఫోన్ వెలుగులో చదివి, పొద్దున్నే ఎర్రబడ్డ కళ్లతో ల్యాబ్‌కి వెళ్లిన రోజులున్నాయి. కాబట్టి రొమాన్స్ అనగానే ముక్కు చిట్లించే పెద్దమనుషుల తరఫున మాట్లాడటం లేదు. రొమాన్స్ మీద నాకే ఫిర్యాదూ లేదు. ఆ హీరో ఉద్యోగం మీదే.

ఈ మూస కొత్తదేం కాదు. 1831లో బెల్లినీ స్వరపరిచిన ‘నార్మా’ ఒపేరాలోనే ఉంది. గాల్ దేశపు డ్రూయిడ్ పూజారిణి నార్మా, రోమన్ ప్రొకాన్సుల్ పొల్లియోనె రహస్య ప్రేమికులు, ఇద్దరు పిల్లలు కూడా. అతను ఇంకో అమ్మాయి వెంట పడతాడు. నార్మా యుద్ధానికి పిలుపిస్తుంది, జనం ఊగిపోతారు. తర్వాత తన తప్పు తనే బయటపెట్టి చితి ఎక్కుతుంది. ఆమె గొప్పతనం చూసి పొల్లియోనెకి ప్రేమ తిరిగి పుట్టుకొస్తుంది, తనూ చితి వైపు నడుస్తాడు. తెర పడుతుంది. సంగీతం అద్భుతం, కాదనను. కానీ ఇప్పుడే పిలుపిచ్చిన ఆ యుద్ధం ఏమైంది? దేశం కోసం కత్తులు తీసిన జనం ఏమయ్యారు? ఒక మగాడి పశ్చాత్తాపంతో ఆ లెక్క సరిపోయింది. అదే గాల్‌లో, క్రీ.పూ. 52లో, అవారికం పట్టణంలో సుమారు 40,000 మంది ఉంటే 800 మంది మాత్రమే ప్రాణాలతో బయటపడ్డారు. ఈ లెక్క చెప్పింది శత్రువులు కాదు, సీజరే రాసుకున్నాడు.

మారియన్ జిమ్మర్ బ్రాడ్లీ 1993 నవల ‘ద ఫారెస్ట్ హౌస్’ ఈ నార్మా కథనే బ్రిటన్‌కి తెచ్చింది. నిజం చెప్పాలంటే, తర్వాత వచ్చిన చాలా వాటికన్నా అది నిజాయితీ ఉన్న పుస్తకం. మోనా ద్వీపంలో పూజారిణుల మీద రోమన్ సైనికులు చేసిన అత్యాచారం ఆ కథకి నేపథ్యం, రచయిత్రి దాన్ని దాచలేదు. దాచలేదు గానీ, దాని మీదుగా నడిచి ప్రేమ దగ్గరికి చేరుకుంది. ఆ తర్వాత వచ్చినవాళ్లకి నేపథ్యం కూడా బరువైపోయింది, వెన్నెల ఒక్కటే మిగుల్చుకున్నారు.

ఇప్పుడు సెంచూరియన్ సంగతి. ఈ నవలల్లో అతనికి బూడిదరంగు కళ్లు, భుజం మీద పాత గాయం, లోపల ఏదో చెప్పుకోలేని బాధ ఉంటాయి. టాసిటస్ రాసిన చరిత్రలో సెంచూరియన్లు ఎలా కనిపిస్తారో చూడండి. ఐసెనీ తెగ రాజు ప్రసుటాగస్ చనిపోతూ తన ఇద్దరు కూతుళ్లతోపాటు చక్రవర్తి నీరోని కూడా వారసుడిగా రాశాడు, అలాగైనా రాజ్యం, ఇల్లు క్షేమంగా ఉంటాయని. జరిగింది వేరు. రాజ్యాన్ని సెంచూరియన్లు దోచారు. రాణి బూడికాని కొరడాలతో కొట్టారు. కూతుళ్లిద్దరినీ చెరిచారు. క్రీ.శ. 60 ప్రాంతంలో జరిగిన తిరుగుబాటుకి నాంది అది. ఆ అమ్మాయిల పేర్లు టాసిటస్ రాయలేదు. ఏ నవలైనా మొదలుపెట్టే ముందు ఆ పేర్లు లేని ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టుకోమంటాను. వాళ్ల ముందు బూడిదరంగు కళ్ల వర్ణన ఎంతసేపు సాగుతుందో చూద్దాం.

“ఫాంటసీ కదా, చరిత్ర పాఠం ఎందుకు?” అంటారు. సరే, ఫాంటసీ గురించే మాట్లాడదాం. డ్రూయిడ్లు తమ విద్యని రాతలో పెట్టలేదు. వాళ్ల గురించి మనకి తెలిసిందంతా దాదాపుగా రోమన్లు, గ్రీకులు చెప్పిందే. ఆ తెల్ల అంగీ, బంగారు కొడవలి, ఓక్ చెట్టెక్కి మన బదనికలాంటి మిసిల్‌టో మొక్కని కోయడం, ఇవన్నీ ప్లీనీ రాసినవి. అంటే గెలిచినవాడి కళ్లతో చూసిన బొమ్మకి మంత్రశక్తి అద్ది “కెల్టిక్ ఆత్మ” అని అమ్ముతున్నాం. పైగా పంపకం గమనించండి: ఓడినవాళ్లకి మాయ, జోస్యం, వెన్నెల. గెలిచినవాళ్లకి రోడ్లు, కోటలు, పన్నులు, ఆఖరికి అమ్మాయి కూడా. దేవతే ఆ కలయిక కోరుకుందని జోస్యం చెప్పించాక ఇక ఆక్రమణ ఎవరి నేరం? విధి రాత, అంతే.

వీళ్ల గొడవ మనకెందుకు అనేవాళ్లని కోఠీ తీసుకెళ్తాను. మహిళా కళాశాల నడిచిన పాత రెసిడెన్సీ భవనం కట్టించింది ఈస్టిండియా కంపెనీ ప్రతినిధి జేమ్స్ కిర్క్‌పాట్రిక్. అతనికీ ఖైరున్నిసాకీ నడిచిన ప్రేమకథ హైదరాబాదులో మనం ఎంత ముచ్చటగా చెప్పుకుంటాం! ప్రేమ లేదనడం లేదు. కానీ 1805లో ఐదేళ్లు కూడా నిండని ఇద్దరు పిల్లల్ని ఇంగ్లండ్ ఓడ ఎక్కించారు. ఆ ఏడే అతను కలకత్తాలో చనిపోయాడు. తల్లి ఆ పిల్లల్ని మళ్లీ చూడలేదు. వాళ్లకి అక్కడ ఇంగ్లిష్ పేర్లు పెట్టారు. మన ముచ్చట సాధారణంగా ఓడ దాకా రాదు.

అలాంటి ప్రేమలు నిజంగా ఉండేవా అంటే, ఉండేవి. ఇంగ్లండులో సౌత్ షీల్డ్స్‌లో ఒక సమాధి రాయి దొరికింది, రెండో శతాబ్దంది. రెజీనా అనే స్త్రీది, కాటువెల్లౌనీ అనే బ్రిటన్ తెగ మనిషి, ముప్పై ఏళ్లకి పోయింది. రాయి పెట్టించింది సిరియాలోని పాల్మైరా నుంచి వచ్చిన బరాతెస్, ఆమె భర్త. బుట్టకుర్చీలో కూర్చుంది, పక్కన ఉన్ని బుట్ట, నగల పెట్టె. ముఖం మాత్రం చెదిరిపోయింది. లాటిన్‌లో ఆమెని భార్య అనే ముందు ఇంకో మాట చెక్కించాడు: తను విడుదల చేసిన బానిస అని. అంటే పెళ్లికి ముందు ఆమె అతని సొత్తు. రెజీనా అంటే రాణి. ఆ పేరు అమ్మ పెట్టిందో, కొన్నవాడు పెట్టాడో రాయి చెప్పదు. వద్దనే హక్కు లేని రోజుల్లో మొదలైన ఆ బంధంలో ప్రేమ ఎక్కడ పుట్టింది, ఎవరికి ముందు పుట్టింది, ఆమె దాన్ని ఏమని పిలిచేది? వంద జోస్యాలకన్నా ఈ ఒక్క ప్రశ్నలో ఎక్కువ కథ ఉంది. రొమాన్స్ కూడా ఉంది, భయపడకుండా రాయగలిగితే.

లాటిన్ కింద బరాతెస్ తన సొంత లిపిలో ఇంకో వరుస చెక్కించాడు. బరాతెస్ విడిపించిన రెజీనా, అయ్యో, అని. ఆ ఊళ్లో అది చదవగలిగినవాళ్లు ఎందరుండి ఉంటారు? ఆ “అయ్యో” దగ్గర మొదలయ్యే నవల ఎవరైనా రాస్తే, ముందు ఆర్డర్ పెట్టేది నేనే. హాస్టల్ రోజుల్లో లాగే రాత్రంతా మేలుకుని చదువుతాను.