ఆఫీసు మొక్కకు నీళ్లు పోసేదెవరు?



మా బిల్లింగ్ కౌంటర్ మీద సీసాలో ఉన్న మనీప్లాంట్‌ను, రికార్డుల గది కిటికీ దగ్గరి స్నేక్ ప్లాంట్‌ను మీలో చాలామంది చూసే ఉంటారు. ఇప్పుడు బ్యాంకుకు వెళ్లినా, బడి ఆఫీసుకు వెళ్లినా ఇలాంటి కుండీ ఒకటి కనబడుతుంది. ఎందుకు పెట్టారని అడిగితే “గాలిని శుభ్రం చేస్తుందండీ” అంటారు. మేమూ అలాగే అనుకున్నాము.

ఈ మాటకు ఒక మూలం ఉంది. అమెరికాలోని నాసా పరిశోధకులు మూసి ఉంచిన చిన్న పెట్టెల్లో మొక్కలు పెట్టి చూడగా, గాలిలో కలిపిన బెంజీన్ వంటి రసాయనాలు తగ్గాయని 1989లో తెలిపారు. కానీ ఆఫీసు మూసిన పెట్టె కాదు. ఇలాంటి పరిశోధనలన్నీ కలిపి 2019లో లెక్క వేసినవారు, గదిలో మామూలుగా గాలి మారడం వల్ల జరిగే మేలు మొక్కలతోనే జరగాలంటే చదరపు మీటరు నేలకు 10 నుండి 1000 మొక్కలు కావాలని తేల్చారు. కాబట్టి మంచి గాలి కావాలంటే ముందు కిటికీ తెరవాలి.

మరి మొక్క దండగా? కాదు. అమెరికాలోని ఒక ఆసుపత్రిలో గాల్‌బ్లాడర్ ఆపరేషన్ అయిన 46 మంది వివరాలు 1984లో ప్రచురించారు. కిటికీలోంచి చెట్లు కనబడినవారు, ఇటుక గోడ మాత్రమే కనబడినవారికన్నా త్వరగా ఇంటికి వెళ్లారు. గట్టి నొప్పి మందులు కూడా వారికి తక్కువే అవసరమయ్యాయి. అది చిన్న పరిశోధనే. అయినా పచ్చదనం చూస్తే మనసు కుదుటపడుతుందని మనకందరికీ అనుభవమే.

అయితే మేము చెప్పదలచుకున్నది మొక్క గురించి కాదు, దాన్ని చూసుకునే మనిషి గురించి.

మా మొక్కలకు ఇన్నాళ్లూ నీళ్లు పోస్తున్నది నేల తుడిచే ఆయమ్మ. ఆ పని ఆమెకు ఎవరూ అప్పగించలేదు. ఒకసారి ఆమె జ్వరంతో రెండు వారాలు రాలేదు. రెండు మొక్కలు వాడిపోయాయి. మరో కుండీకి, ఎవరికి తోచినప్పుడు వారు గ్లాసుల్లో మిగిలిన నీళ్లు పోస్తూ పోయారు. చివరికి ఆ కుండీ కింది పళ్లెంలో దోమ లార్వాలు కనబడ్డాయి. డెంగీ గురించి రోజూ రోగులకు చెప్పే మా గదిలోనే! ఆమె ప్రతి వారం ఆ పళ్లెం పారబోసి, తోమి పెడుతున్న సంగతి అప్పటిదాకా మాలో ఒక్కరికీ తెలియదు. సిగ్గుపడ్డాము.

డెంగీని మోసే ఏడిస్ దోమ నిలిచిన మంచి నీటిలో పెరుగుతుంది, పగటిపూట కుడుతుంది. గుడ్డు దోమగా మారడానికి సుమారు 7 నుండి 10 రోజులు చాలు. గుడ్లు పాత్ర గోడకు అంటుకొని, తడి లేకపోయినా నెలల తరబడి బతుకుతాయి. అందుకే నీళ్లు పారబోస్తే సరిపోదు, వారానికొకసారి పళ్లేన్ని, మనీప్లాంట్ సీసాను లోపల రుద్ది కడగాలి.

మొక్క పెట్టుకోవాలనుకునే ప్రతి ఆఫీసు, ప్రతి సంఘం ఈ పనిని ఒకరి పేరున రాసి పెట్టాలని మా అభిప్రాయం. ఆ ఒకరు సెలవు పెడితే ఎవరు చూడాలో కూడా రాయాలి. “ఇంత చిన్న పనికి డ్యూటీ లిస్టా?” అని కొందరు నవ్వవచ్చు. రాయని పని ఎప్పుడూ అందరికన్నా తక్కువ జీతం ఉన్నవారి మీదే పడుతుంది. చేసినన్నాళ్లూ ఎవరికీ కనబడదు, ఆగిన రోజున మాత్రం నింద వస్తుంది. చూసుకునే మనిషి లేకపోతే మొక్క పెట్టకపోవడమే మంచిది.

కొరింథీ సంఘానికి రాసిన మొదటి పత్రికలో పౌలు, నాటేవాడిని, నీళ్లు పోసేవాడిని ఒకే వరుసలో నిలబెట్టాడు. మనం మాత్రం నాటినవారి పేరు రాతిపలక మీద చెక్కిస్తాము, నీళ్లు పోసేవారి పేరు అడగనైనా అడగము.

మా దగ్గర ఇప్పుడు శుక్రవారం పళ్లేలు కడగడం వంతులవారీగా జరుగుతోంది. గుమాస్తాలతోపాటు డాక్టర్లకూ వంతు ఉంది. ఆయమ్మ తిరిగి వచ్చాక, ఏ మొక్కకు ఎన్ని నీళ్లో మాకు నేర్పింది. ఈసారి మీరు వచ్చినప్పుడు ఆమె ఎదురైతే ఒకమారు పలకరించండి. మీ ఆఫీసులోని మొక్కకు నీళ్లు పోసేదెవరో కూడా తెలుసుకోండి.