పిల్లనిచ్చే ఇల్లు చూసొస్తం, పిల్లగాడు పోయే దేశం చూడమా?

మన వాడల్లో పిల్లనియ్యాలంటే ఏం చేస్తం? ముందుగాల నలుగురు పెద్దమనుషులు బస్సెక్కి ఆ ఊరికి పోతరు. ఇల్లు చూస్తరు. నీళ్లు ఎంత దూరమో చూస్తరు. పిల్లగాడు తాగుతడా, అత్త నోరు ఎట్లాంటిది అని పక్కింటోళ్లను మెల్లగ అడుగుతరు. మధ్యమనిషి మాట ఒక్కటే నమ్మి పిల్లనిచ్చిన తల్లిదండ్రులను వాడంతా తిడుతది. మరి అదే ఇంట్ల కొడుకు సముద్రం దాటి పోతుంటే ఎవరం పోయి చూస్తున్నం? ఏజెంటు ఫోన్‌లో చూపెట్టిన అద్దాల మేడ ఫొటో చూస్తున్నం. ఆ ఫొటోకే అప్పుజేసి లక్షలు కడుతున్నం.

ఈ మాట ఎందుకు ఎత్తుతున్ననంటే, మా కాశిబుగ్గ వాడలో ఇంకో పిల్లగాడు పాస్‌పోర్టు జేబులో పెట్టుకొని తిరుగుతున్నడు. పదో తరగతి తప్పిండు. ఎనుమాముల మార్కెట్లో బస్తాలు మోస్తడు. పత్తి, మిర్చి వచ్చినన్ని రోజులు పని, రాకపోతే చౌరస్తాల నిలబడుడు. గల్ఫుకు పంపిస్తనని ఒకాయన వచ్చి ఇరవై రోజుల్లో పైసలు కట్టాలన్నడు. తల్లి పేరు మీద ఊర్లో ఎకరం అసైన్డ్ భూమి ఉన్నది. దాన్ని రాసిచ్చే మాట నడుస్తున్నది. ఆ తల్లి నన్ను అడిగింది: "అన్నా, వాడు పోయే కాడ ఎట్లుంటదో నువ్వు చూసినవా?" నేను చూడలే. వాడలో ఎవ్వరూ చూడలే. పైసలు అడిగినాయన కూడా ఆ దేశం మొఖం చూడలేదని తర్వాత తెలిసింది.

పోవద్దని చెప్పడానికి ఈ నాలుగు మాటలు రాస్తలేను. ఊరు విడిచిపోవడం మనకు పిరికితనం కాదు. 1985 జులై 17న కారంచేడులో మాదిగలను చంపితే బతికినోళ్లు చీరాలకు పోయి, మళ్లీ ఆ ఊరి గడప తొక్కమన్నరు. 1991 ఆగస్టు 6న చుండూరులో మాలలను నరికినంక మిగిలినోళ్లు తెనాలి చేరిన్రు. ఊరు విడవడమే ఆనాడు పోరాటమైంది. గల్ఫు పైసలు కూడా తక్కువ పని చెయ్యలే. జీతమున్నోడి కొడుకు స్లాబు ఇల్లు పోసిండు. దొర వాకిట్ల చెప్పులు విడవకుండ నడిచిండు. ఇది కాదనేటోడు మన వాడ తెలియనోడు. నేననేది ఒక్కటే. పోవుడు వేరు, తోలబడుడు వేరు. చూసుకొని పోయినోనికి నచ్చకపోతే తిరిగొచ్చే తొవ్వ తెలుస్తది. చూడకుండ పోయినోనికి అప్పు ఒక్కటే తెలుస్తది.

ఉన్నోళ్లు ఎట్ల పోతున్నరో చూడండి. కొడుకును అమెరికా పంపే ముందే అక్కడ మేనమామ ఉంటడు, బాబాయి ఉంటడు. అమ్మానాన్నలు విజిట్ వీసా మీద పోయి ఆరు నెలలు ఉండి వస్తరు. పైసలున్నోడు దుబాయిలోనో కెనడాలోనో ఇల్లు కొనే ముందు టూరిస్టుగ పోతడు. పిల్లల బడి చూస్తడు, దవాఖాన చూస్తడు, ఎండ ఎంతో చలి ఎంతో చూస్తడు. మనసుకు పడకపోతే ఇంకో దేశం చూస్తడు. ఆయనకు దేశం ఒక బట్టల దుకాణం. అదే విజిట్ వీసా మనోని చేతికొస్తే ఏమైతది? చూసిరమ్మని ఇచ్చే వీసా మీద మనోన్ని పనికి తోలుతరు. గడువు దాటంగనే వాడు దొంగ అయితడు. జీతం ఇయ్యకపోయినా అడగలేడు, జ్వరమొచ్చినా దవాఖానకు పోలేడు. ఒకటే వీసా, ఒకటే ముద్ర. పైవాడకు అది చూపు, కిందివాడకు అది ఉచ్చు.

మనం పోయి చూడలేకపోతున్నం. వాళ్లు మాత్రం వచ్చి మనలను చూసి పోతరు. 2024 జనవరిలో ఇజ్రాయెల్ నుంచి అధికారులు రోహ్‌తక్‌కు, లక్నోకు వచ్చిన్రు. మన తాపీమేస్త్రీలతో గోడ కట్టించి, సలాక వంచించి, పనికొస్తడా రాడా అని పరీక్ష పెట్టిన్రు. అక్కడ యుద్ధం నడుస్తున్న రోజులవి. అంగట్ల ఎద్దు పండ్లు చూసి బేరమాడినట్టే ఉన్నది. కొనేటోడు ఎద్దును చూస్తడు. ఎద్దు పోయి కొట్టం చూస్తనంటే ఒప్పుకుంటరా? అయితే మనం ఎద్దులం కాదు గదా!

ఇది నిన్న మొన్నటి కత కాదు. తెల్లదొరల కాలంలో చెరకు తోటలకు గిర్మిటు కూలీలను ఓడలెక్కించి పంపిన్రు. ఫిజీకి 1879లో మొదటి ఓడ పోయింది. 1903 నుంచి మద్రాసు రేవు నుంచి కూడా పంపుడు మొదలైంది. అందులో తెలుగోళ్లు ఉన్నరు, మన కులాలోళ్లు ఉన్నరు. 1913లో సర్కారు ఇద్దరిని పంపింది, మెక్‌నీల్ అనే దొరను, చిమ్మన్‌లాల్ అనే మన దేశస్తుణ్ని. వాళ్లు తోటలన్నీ తిరిగొచ్చి, లోపాలున్నా మొత్తం మీద మేలే ఎక్కువని రాసిన్రు. 1915లో ఆండ్రూస్, పియర్సన్ అనే ఇద్దరు సర్కారు పంపకుండానే ఫిజీకి పోయిన్రు. కూలీ లైన్లలోకి పోయి కూలీలనే అడిగిన్రు. గుడిసెల్లో ఆడోళ్ల బతుకు ఎట్లుందో, ఉరేసుకున్నోళ్లు ఎందుకు ఉరేసుకున్నరో రాసిన్రు. ఆ రిపోర్టు దేశమంతా మంట పెట్టింది. 1917లో కూలీల ఎగుమతి ఆగింది, 1920లో గిర్మిటు రద్దయింది. తోటలు అవే, కూలీలు వాళ్లే. మొదటోళ్లు చూసింది ఒకటి, తర్వాతోళ్లు చూసింది ఇంకోటి. ఎవరు పోయి చూసిన్రు, ఎవరిని అడిగిన్రు అన్న కాడనే అంతా ఉన్నది.

మలయా రబ్బరు తోటలకు కంగాణీ, బర్మాకు మేస్త్రీ కూలీలను తీసుకపోయేది. ఆ కంగాణీ పరాయోడు కాదు. తను పనిచేసిన తోట నుంచి తన ఊరికే వచ్చి, తనోళ్లనే తోలుకపోయేది. ఆయన చూసినోడే, మనోడే. కాని తలకింత అని ముట్టేది. మన పోకడ మీద పైస తినేటోడు కండ్లారా చూసొచ్చినా నిజం చెప్పడు. ఇయ్యాల వాడలో "మా తమ్ముడు అక్కడనే ఉన్నడు, నేను పంపిస్త" అనేటోళ్లు ఉన్నరు. వాళ్లను కూడా ముందుగాల ఒక్కటే అడగాలె: నీకెంత ముడుతది?

నా సొంత మేనల్లుని సంగతి చెప్త. 2016లో సౌదీ పోయిండు. కంపెనీ డ్రైవర్ పని, నెలకు పదమూడువందల రియాల్లు అన్నరు. లక్షా నలభై వేలు నూటికి మూడు రూపాయల మిత్తికి తెచ్చి కట్టినం. దిగినంక తెలిసింది, వీసా మీద రాసింది డ్రైవర్ కాదు, గొర్లకాపరి. ఎడారిలో రేకుల షెడ్డు, పాస్‌పోర్టు కఫీలు పెట్టెలో. జీతం ఎనిమిదివందలు, అదీ రెండు నెలలకోసారి. పద్నాలుగు నెలలకు తిరిగొచ్చిండు. అప్పటికి మిత్తే యాభై ఎనిమిది వేల ఎనిమిదివందలు అయింది. అరబ్బీలో రాసిన ఆ ఒక్క మాట ఇక్కడ చదివించి ఉంటే వాడు పోకపోవు. కాజీపేటలోనో వరంగల్‌లోనో అరబ్బీ వచ్చిన మౌల్వీసాబును అడిగితే ఒక్క నిమిషం పని. మాకు తోచలే. తప్పు మాది కూడా.

వీసా మీద రాసిన పని పేరు చిన్న సంగతి కాదు. 2021లో సౌదీ సర్కారు చట్టం కొంత సడలించి, కార్మికుడు కఫీలు దయ లేకుండ పని మారొచ్చన్నది. కాని ఇండ్లల్ల పనిచేసేటోళ్లను, ఇంటి డ్రైవర్లను, తోటమాలులను, గొర్లకాపర్లను అప్పుడు బయటనే ఉంచింది. అంటే ఒక్క మాట తేడాతో ఒకనికి తలుపు తెరుచుకున్నది, ఇంకొకనికి మూసుకున్నది. ఉండే జాగా కూడా చిన్న సంగతి కాదు. 2024 జూన్ 12న కువైట్‌లోని మంగఫ్‌లో కార్మికులుండే బిల్డింగు తగలబడి నలభై మందికి పైగా మనదేశపోళ్లు చచ్చిపోయిన్రు. ఒక్క బిల్డింగులో దాదాపు రెండువందల మందిని ఉంచిన్రు. గదికి ఎంతమంది, బయటికి తొవ్వ ఎటు అని అడిగి పోయే అవకాశం వాళ్లకు ఎవరిచ్చిన్రు?

మనం చూడవలసింది ఇంకోటి ఉన్నది. అది ఉన్నోళ్లు ఎన్నడూ చూడరు. కులం. బాబాసాహెబ్ 1913లో బరోడా రాజు ఇచ్చిన స్కాలర్‌షిప్ మీద న్యూయార్క్ పోయిండ్రు. అక్కడ మనిషి లెక్క బతికిండ్రు. తిరిగొచ్చి బరోడాలో కొలువుకు పోతే ఉండటానికి గది దొరకలే. పార్సీల సత్రంలో తలదాచుకుంటే పదకొండో రోజున కట్టెలు పట్టుకొని వచ్చి వెళ్లగొట్టిన్రు. ఈ సంగతి ఆయనే రాసుకున్నరు. ఆ చిన్న పుస్తకానికి పెట్టిన పేరు 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా', అంటే వీసా కోసం ఎదురుచూపు. తన దేశంలో తిరగడానికే వీసా కావలసినోడు అంటరానోడు అని దాని అర్థం.  ఇయ్యాల విమానంలో మనుషులతో పాటు కులం కూడా పోయింది. 2020లో కాలిఫోర్నియాలో ఒక పెద్ద కంప్యూటర్ కంపెనీలో దళిత ఇంజనీరును కులం పేరుతో తొక్కిన్రని అక్కడి ప్రభుత్వ శాఖే కేసు వేసింది. 2023 ఫిబ్రవరిలో సియాటెల్ నగరం కుల వివక్షను నిషేధించింది. అదే ఏడు అక్టోబరులో కాలిఫోర్నియా బిల్లును గవర్నర్ ఆపేసిండు. కాబట్టి అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి మీద పోయే మన పిల్లలు యూనివర్సిటీ ర్యాంకు ఒక్కటే చూస్తే సరిపోదు. గది పంచుకునేటోళ్లు ఎవరు, ఇంటిపేరు అడిగి గది లేదనేటోళ్లు ఉన్నరా, అడగడానికి అక్కడ మన సంఘం ఉన్నదా, చట్టం ఉన్నదా, ఇవి కూడా చూసుకోవాలె.

"కడుపు కాలేటోనికి ఇంత చూపు ఎక్కడిది, ఆలస్యమైతే వీసా పోతది" అని కొందరంటరు. నిజమే, టికెట్ పెట్టుకొని చూసొచ్చే స్తోమత మనకు లేదు. ఆజంజాహి మిల్లు మూతబడ్డ రోజుల్లో మా కాశిబుగ్గ దిక్కు నుంచి భీవండికి, సూరత్‌కు పోయిన నేతోళ్లు ఏం చేసేది? ముందుగాల ఇంటికొకడు కాదు, గల్లీకి ఒకడు రైలెక్కేది. సాంచాల కాడ పని చూసి, గది కిరాయి చూసి కబురంపేది. తర్వాత మిగిలినోళ్లు కదిలేది. ఒక్కడు చూస్తే గల్లీ చూసినట్టు. ఆ పద్ధతే ఇయ్యాల వాడ చెయ్యాలె.

ప్రతి అంబేడ్కర్ సంఘంలో ఒక నోట్‌బుక్ పెట్టండి. గల్ఫు నుంచి సెలవు మీద వచ్చినోడు, ఓడిపోయి వచ్చినోడు, ఎవరొచ్చినా కూసోబెట్టి రాయండి. ఏ దేశం, ఏ కంపెనీ, చెప్పిన జీతమెంత, ఇచ్చిందెంత, ఎన్ని నెలలకోసారి, గదికి ఎంతమంది, పాస్‌పోర్టు ఎవరి కాడ. ఓడిపోయి వచ్చినోన్ని ఎక్కిరించొద్దు. వాడు లక్షలు పోసి చూసొచ్చినోడు, వాని చూపు వాడకు ఆస్తి. పోయేటోని తల్లి, భార్య కూడా ఆ ముచ్చటల కూసోవాలె, అప్పు కట్టేది వాళ్లే గనుక. ఏజెంటు ఇచ్చిన నంబరుకు కాదు, మన నోట్‌బుక్‌ల ఉన్న నంబరుకు వీడియో కాల్ చేసి గది చూపెట్టమనండి.

చట్టం కూడా తెలుసుకోండి. పది పాస్ కానోని పాస్‌పోర్టు మీద గల్ఫు పనికి పోవాలంటే 1983 చట్టం ప్రకారం హైదరాబాదులోని ప్రొటెక్టర్ ఆఫీసు అనుమతి కావాలె. లైసెన్సు ఉన్న ఏజెంటు పేరు ఈ-మైగ్రేట్‌లో ఉంటది. మీసేవ కాడ కూసున్న పిల్లగాన్ని అడిగినా చూసి చెప్తడు. ఏజెంటు తీసుకోవలసిన ఫీజు ముప్పై వేలు, దాని మీద జీఎస్టీ, అంతే. ఆ తొవ్వన పోయినోనికి పది లక్షల బీమా ఉంటది, విజిట్ వీసా మీద తోలబడ్డోనికి ఉండదు. అసైన్డ్ భూమిని ప్రైవేటు మనిషికి అమ్మినా, కుదువబెట్టినా 1977 చట్టం ప్రకారం చెల్లదు.

సర్కారును కూడా అడగాలె. విదేశాలకు కార్మికులను పంపడానికి టామ్‌కామ్ అనే సొంత కంపెనీ ఉన్నది గదా. పంపే ముందు అధికారులనే కాకుండ, పని చేసొచ్చిన కార్మికులను, ఆడకూలీలను కలిపి ఆ క్యాంపులకు పంపి చూసి రమ్మనండి. వాళ్లు చెప్పింది తెలుగులో అచ్చేసి వాడవాడకు పంచండి. చచ్చినంక ఐదు లక్షలు ఇచ్చుడు కంటే, పోకముందు పది మందిని పంపి చూపిచ్చుడు మేలు.

మా వాడ పిల్లగాని సంగతి అడుగుతరేమో. అదే కంపెనీ నుంచి వచ్చిన మనిషి పరకాల దిక్కు ఉన్నడని తెలిసి పోయి కలిసినం. గదికి పన్నెండు మంది, జీతం మూడు నెలలకోసారి, ఎండకాలం ఇద్దరు పడిపోయిన్రు అని చెప్పిండు. పిల్లగాడు కాంట్రాక్టు కాయితం చూపెట్టమని ఏజెంటును అడిగిండు. అప్పటి సంది ఆయన ఫోన్ ఎత్తుతలేడు. ఎకరం భూమి తల్లి పేరు మీదనే ఉన్నది. పిల్లగాడు మాత్రం పోతననే అంటున్నడు. పోనియ్యండి. ఈసారి అడిగి పోతడు. ఆ పరకాల మనిషి చెప్పింది మా నోట్‌బుక్‌ల మొదటి పేజీ. మీ వాడ నోట్‌బుక్‌ల మొదటి పేజీ ఎవరిది?

జై భీమ్!