కొలువు దగ్గరే, కబురే దూరం

సత్యవేడు, వరదయ్యపాళెం మండలాల నేల మీద శ్రీసిటీ పారిశ్రామికవాడ 2008లో మొదలైంది. ఇవాళ అక్కడ రెండు వందలకు పైగా కంపెనీలున్నాయి. ఇసుజు వాహనాలు, ఆల్‌స్టామ్ మెట్రో రైలు పెట్టెలు, మోండెలెజ్ చాక్లెట్లు, డైకిన్ ఏసీలు అక్కడే తయారవుతున్నాయి. దానికి తోడు సత్యవేడు మండలంలోనే హీరో మోటార్ సైకిళ్ల కర్మాగారం, పక్కనే చినపాండూరులో అపోలో టైర్లు. 2025 మే నెలలో ఎల్జీ సంస్థ రూ. 5,000 కోట్ల కర్మాగారానికి శంకుస్థాపన చేసింది. ఇన్ని గేట్లు కూతవేటు దూరంలో ఉన్నా, చుట్టుపక్కల ఊళ్లలో డిగ్రీ, డిప్లొమా, బీటెక్ పూర్తి చేసిన పిల్లలు రెండేళ్లు, మూడేళ్లు ఉద్యోగం వెతుక్కుంటూనే ఉన్నారు. దీనికి రెండు కారణాలు తరచుగా వినిపిస్తాయి. పిల్లలకు నైపుణ్యం లేదని కంపెనీలు అంటాయి. బయటివాళ్లనే తీసుకుంటారు, మనవాళ్లను రానివ్వరని తల్లిదండ్రులు అంటారు. రెండింటిలోనూ నిజముంది. కానీ ఆ రెండింటికంటే ముందే పిల్లలకు అడ్డుపడుతున్నది ఇంకొకటుంది. ఆ గేటు లోపల ఏ పని జరుగుతుందో, దానికి మనుషులను ఎప్పుడు, ఎవరి ద్వారా, ఏ షరతులతో తీసుకుంటారో గేటు బయట ఉన్నవాళ్లకు తెలియదు. ఉద్యోగ వేటలో మొదటి పని దరఖాస్తు పెట్టడం అనుకుంటున్నాం. మొదటి పని కబురు సేకరించడం.

అంతర్జాతీయ కార్మిక సంస్థ, ఢిల్లీలోని మానవాభివృద్ధి సంస్థ కలిసి 2024లో భారత ఉపాధి నివేదికను వెలువరించాయి. 2022 నాటికి దేశంలోని యువతలో పట్టభద్రుల నిరుద్యోగం 29.1 శాతం ఉంటే, చదవడం రాయడం రానివాళ్లలో అది 3.4 శాతమేనని అందులో ఉంది. చదువుకోని వాళ్లకు ఖాళీగా కూర్చునే వెసులుబాటు లేదన్నది ఈ తేడాకు పెద్ద కారణం. దొరికిన పనికి పోకపోతే పొయ్యి వెలగదు. అది ఒప్పుకుంటూనే ఇంకో విషయం గమనించాలి. అడ్డా మీద నిలబడే కూలీకి తన పనికి సంబంధించిన కబురంతా తెలుసు. ఎవరు పిలుస్తున్నారు, ఎక్కడ పని, ఎన్ని రోజులు, కూలి ఎంత, ఏ మేస్త్రీ డబ్బు ఎగ్గొడతాడు అన్నవి పొద్దున్నే అతని ముందుంటాయి. బీకాం చదివిన అమ్మాయికి ఇందులో ఒక్కటీ తెలియదు. తన చదువుకు సరిపోయే పని పేరేమిటో కూడా చాలామంది పట్టభద్రులకు తెలియదు. ‘ఏదైనా ఉద్యోగం ఉంటే చూడండి’ అని నలుగురికి చెప్పి, పది చోట్లకు ఒకే రెజ్యూమె పంపి, ఫోను కోసం ఎదురు చూస్తారు. ఇందులో వాళ్ల బద్ధకమేమీ లేదు. ఏం వెతకాలో వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

కబురు ఎవరి దగ్గర దొరుకుతుంది? దీని మీద యాభై ఏళ్ల నాటి ఒక పరిశోధన ఇప్పటికీ పనికొస్తుంది. అమెరికాలోని న్యూటన్ పట్టణంలో వృత్తి, సాంకేతిక, మేనేజర్ కొలువుల్లో ఉన్న 282 మందికి ఆ ఉద్యోగాలు ఎలా దొరికాయో సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానొవెటర్ ఆరా తీశారు. సగానికి పైగా మందికి తెలిసినవాళ్ల ద్వారానే దొరికాయి. అలా దొరికినవాళ్లలో తరచుగా కలిసే దగ్గరివాళ్ల నుంచి కబురందినవారు ఆరింట ఒక వంతే. మిగతావాళ్లకు అది ఎప్పుడో ఒకసారి కలిసే ముఖపరిచయస్తుల నుంచి వచ్చింది. అన్నకు, బాబాయికి, ప్రాణస్నేహితుడికి తెలిసిందే మనకూ తెలుసు కాబట్టి, కొత్త కబురు మన వలయం బయటి నుంచే రావాలి. లింక్డ్‌ఇన్‌లో సుమారు 2 కోట్ల మంది మీద ఐదేళ్లపాటు జరిగిన ప్రయోగాల ఫలితాలు 2022లో వచ్చాయి. పరిచయం మరీ గట్టిదైతే ఉద్యోగానికి అంతగా పనికిరాదని, మరీ పలుచనైనా పనికిరాదని, ఓ మోస్తరు పరిచయమే ఎక్కువ ఉపయోగపడిందని అందులో తేలింది. సత్యవేడు కుర్రాడికి అలాంటి పరిచయస్తులు లేకపోలేదు. ఐటీఐలో రెండేళ్లు ముందు చదివినవాడు, తడలోనో సూళ్లూరుపేటలోనో గది తీసుకుని షిఫ్టులకు వెళ్లే ఊరివాడు, కంపెనీ బస్సు డ్రైవరు, క్యాంటీన్‌కు కూరగాయలు వేసేవాడు, లారీ ఆఫీసులో గుమాస్తా, కాలేజీలో పాఠం చెప్పి వెళ్లిపోయిన గెస్ట్ లెక్చరర్ అందరూ ఆ లెక్కలోకే వస్తారు. వాళ్లను అడిగే తీరులోనే చిక్కుంది. ‘అన్నా, మీ కంపెనీలో ఉద్యోగం ఇప్పించు’ అంటే ఎవరైనా తప్పించుకుంటారు, ఎందుకంటే అది వాళ్ల చేతిలో లేదు. ‘అన్నా, మీ లైన్లో ఏం పని చేస్తారు, ఏ మిషన్ల మీద, కొత్తవాళ్లను ఎవరు చూసుకుంటారు, కంపెనీ రోల్ మీద తీసుకుంటారా కాంట్రాక్ట్ మీదా, ఏ నెలల్లో ఎక్కువమందిని తీసుకుంటారు’ అని అడిగితే పావుగంట కూర్చుని చెబుతారు. తన పని గురించి శ్రద్ధగా అడిగేవాళ్లంటే ఎవరికైనా ఇష్టమే. ఏసీల అమ్మకం వేసవిది కాబట్టి వాటి తయారీ అంతకు ముందే జోరందుకుంటుంది. ఆ చిన్న సంగతి తెలిసినవాడు ఏప్రిల్‌లో కాకుండా చలికాలం ముందే తయారవుతాడు.

పని తెలిశాక రెజ్యూమె రూపం దానంతటదే మారుతుంది. ఏసీ కర్మాగారమంటే ఏసీ బిగించే చోటు ఒక్కటే కాదు. అక్కడ రాగి గొట్టాలను అతికే బ్రేజింగ్ ఉంటుంది, రేకు కోసి వంచే ప్రెస్ షాపు ఉంటుంది, ప్లాస్టిక్ భాగాలు పోసే మోల్డింగ్ ఉంటుంది, గ్యాస్ నింపి లీకులు పట్టే పరీక్ష ఉంటుంది, సర్క్యూట్ బోర్డు ఉంటుంది, వీటన్నిటికీ నాణ్యత చూసే విభాగం ఒకటుంటుంది. ‘బీటెక్ మెకానికల్, 72 శాతం’ అని రాసినవాడికీ, ‘లీక్ టెస్ట్ ఎలా చేస్తారో నేర్చుకున్నాను, వెర్నియర్ కాలిపర్, మైక్రోమీటర్ వాడగలను, డ్రాయింగ్ చదవగలను’ అని రాసినవాడికీ మధ్య సూపర్‌వైజర్ ఎవరిని పిలుస్తాడో వేరే చెప్పక్కర్లేదు. రెండోవాడి మార్కులు తక్కువే కావచ్చు. ఇది ఇంజినీర్లకు మాత్రమే వర్తించే మాట అనుకోకూడదు. శ్రీసిటీలో ప్రత్యేక ఆర్థిక మండలి ఉంది, దేశీయ అమ్మకాలకు వేరే ప్రాంతం ఉంది. ఎన్నూరు, కాట్టుపల్లి రేవులు దగ్గర్లోనే ఉన్నాయి. సరుకు గేటు దాటాలంటే ఈ-వే బిల్లు కావాలి, విదేశం నుంచి వస్తే బిల్ ఆఫ్ ఎంట్రీ, బయటికి పోతే షిప్పింగ్ బిల్లు, స్టోర్స్‌లోకి చేరితే రశీదు, లెక్క. ఈ కాగితాలు రాసే మనుషులు ప్రతి కంపెనీకీ, ప్రతి ట్రాన్స్‌పోర్టు ఆఫీసుకూ, కస్టమ్స్ ఏజెంటుకూ కావాలి. బీకాం పిల్లలకు సిలబస్‌లో ఈ పేర్లు తగిలి ఉంటాయి, కాగితం మాత్రం చూసి ఉండరు. ఆ నమూనా కాగితాలు తెచ్చుకుని, ఎక్సెల్‌లో ఒక స్టాకు రిజిస్టరు తయారు చేసి, అది వెంట పెట్టుకుని ఇంటర్వ్యూకు వెళ్లే అమ్మాయి తన గురించి వేరే గొప్పలు చెప్పుకోవాల్సిన అవసరం రాదు. బీఎస్సీ కెమిస్ట్రీ వాళ్లకు ఆహార, సబ్బుల, టైర్ల కంపెనీల ప్రయోగశాలలు ఉన్నాయి. వాళ్లూ ఇదే దారి పట్టవచ్చు.

సత్యవేడు పిల్లలు తమ దగ్గరున్న ఒక ఆస్తిని లెక్కలోకి తీసుకోవడం లేదు. ఈ ప్రాంతం 1960 ఏప్రిల్ 1 దాకా మద్రాసు రాష్ట్రంలోని చెంగల్పట్టు జిల్లాలో ఉండేది. సరిహద్దుల మార్పిడిలో తిరుత్తణి అటు మద్రాసుకు పోయి, సత్యవేడు ఇటు ఆంధ్రప్రదేశ్‌కు వచ్చింది. అందుకే ఇక్కడ ఎన్నో ఇళ్లలో తెలుగు, తమిళం రెండూ నడుస్తాయి. కంపెనీల్లో సూపర్‌వైజర్లు, సరఫరాదారులు, లారీ వాళ్లు, సర్వీసు ఇంజినీర్లు చాలామంది చెన్నై వైపు నుంచి వస్తారు. రెండు భాషల్లో పని నడపగలవాడు లైను మీదా, డిస్పాచ్‌లోనూ, హెచ్‌ఆర్‌లోనూ కావలసిన మనిషి. గుమ్మిడిపూండి, శ్రీపెరుంబుదూరు, ఒరగడం పారిశ్రామికవాడలు కూడా వాడికి పరాయివి కావు. అయినా తమిళం వచ్చన్న మాట రెజ్యూమెలో రాయరు, ఇంట్లో మాట్లాడే భాష అర్హత ఎలా అవుతుందని అనుకుంటారు.

ఏ పని చేయగలమో తెలిశాక, చేసినట్టు రుజువు కావాలి. దానికి మన దేశంలో చట్టబద్ధమైన దారి 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం. 30 మంది లేదా అంతకంటే ఎక్కువమంది పనిచేసే సంస్థ ఏదైనా తన సిబ్బందిలో కనీసం 2.5 శాతం మేర అప్రెంటిస్‌లను తీసుకోవాలి. 2019లో సవరించిన నిబంధనల ప్రకారం డిప్లొమా వాళ్లకు నెలకు కనీసం రూ. 8,000, పట్టభద్రులకు రూ. 9,000 స్టైపెండ్‌గా నిర్ణయించారు. ఇది చౌకగా పని చేయించుకోవడమేనని అనేవాళ్లున్నారు. వాళ్ల మాట పూర్తిగా కొట్టేయలేం. నేర్పకుండా ఒకే స్క్రూ ఏడాదంతా బిగింపించే చోట అది నిజమే. అందుకే చేరేముందు ఒప్పందం ప్రభుత్వ పోర్టల్‌లో నమోదవుతుందా, ఏ విభాగాల్లో తిప్పుతారు, చివర సర్టిఫికెట్ ఎవరిస్తారు అని అడగాలి. ఈ మూడింటికీ సరైన జవాబొస్తే ఆ ఏడాది వృథా పోదు. జవాబు రాకపోతే, కాంట్రాక్ట్ కింద ఎక్కువ జీతమొచ్చే పనిలో చేరినా తప్పులేదు. అప్పుడు మాత్రం పీఎఫ్ ఖాతా తన పేరున తెరిచారా, ఈఎస్ఐ కడుతున్నారా, జీతం బ్యాంకులో పడుతుందా అని చూసుకోవాలి. రేపు రెండో ఉద్యోగానికి వెళ్లినప్పుడు అనుభవానికి ఆ కాగితాలే సాక్ష్యం. అపాయింట్‌మెంట్ లెటర్ ఇవ్వకుండా, ముందుగా ‘డిపాజిట్’ కట్టమనే కన్సల్టెన్సీ ఎవరిదైనా దానికి రూపాయి ఇవ్వకూడదు. పుస్తెలు కుదువబెట్టి ఆ డబ్బు తెచ్చే ఇళ్లలో ఆ నష్టం ఒక్క ఉద్యోగంతో పోదు.

ఆడపిల్లల విషయంలో కబురు ఇంకా ముఖ్యం. ఉద్యోగం ఉందన్న వార్త ఒక్కటే వాళ్లకు చాలదు. రాత్రి షిఫ్టు ఉందా, బస్సు ఊరి దాకా వస్తుందా, హాస్టల్ ఎక్కడ, అందులో ఎందరు అన్నవి తెలియక ఇంట్లో ‘వద్దు’ అనేస్తారు. అదే లైన్లో పనిచేస్తున్న ఊరి అమ్మాయి ఒక్కతె వచ్చి తల్లితో అరగంట మాట్లాడితే ఆ ‘వద్దు’ చాలాసార్లు కరిగిపోతుంది.

ఇదంతా పరిచయాలు ఉన్నవాళ్లకే కదా అన్న అభ్యంతరం బలమైనది. సత్యవేడు ఎస్సీ రిజర్వుడు నియోజకవర్గం. తండ్రి, తాత కూలి పనే చేసిన ఇంట్లో మొదటి పట్టభద్రుడికి హెచ్‌ఆర్‌లో తెలిసినవాడెక్కడుంటాడు? సుఖదేవ్ థోరాట్, పాల్ అటెవెల్ అనే పరిశోధకులు 2005 నుంచి పత్రికల్లో పడిన ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకు ఒకే అర్హతలతో, పేరు మాత్రం మార్చి దరఖాస్తులు పంపారు. అగ్రకుల హిందూ పేరుతో పోలిస్తే దళిత పేరుకు పిలుపు వచ్చే అవకాశం మూడింట రెండు వంతులే, ముస్లిం పేరుకు మూడో వంతే అని 2007లో ప్రచురించారు. ఎంత మంచి రెజ్యూమె రాసినా ఈ గోడ కూలదు. అది నిజం. అయితే ఈ గోడ ఎక్కడ మరింత ఎత్తుగా పెరుగుతుందో కూడా చూడాలి. ఖాళీ ఉందన్న సంగతి గుట్టుగా ఉన్నచోట, ఎవరిని ఎందుకు తీసుకున్నారో ఎవరికీ తెలియనిచోట పెరుగుతుంది. పని ఏమిటో, ఏం రావాలో రాతపూర్వకంగా అందరికీ కనపడేలా ఉంటే ఇది నాకు వచ్చు, నన్నెందుకు పిలవలేదని అడిగే హక్కయినా మిగులుతుంది. పరిచయాలు లేనివాడికి కబురు అందించే బాధ్యత సమాజానిది, ప్రభుత్వానిది. ఆ బాధ్యతను వాడి మీదే నెట్టేసి ‘నెట్‌వర్కింగ్ చేసుకో’ అని చెప్పడం అన్యాయం.

ప్రభుత్వ ఉద్యోగమే నయం కదా అనేవాళ్లకు కూడా ఒక లెక్క చూపాలి. 2025 మెగా డీఎస్సీలో 16,347 ఉపాధ్యాయ పోస్టులకు మూడు లక్షలకు పైగా అభ్యర్థులు పోటీపడ్డారు. దానికి ముందు నియామకాల దాకా వెళ్లిన డీఎస్సీ 2018 నాటిది. ఆ ఏడేళ్లు కోచింగ్ గదిలో కాచుకున్నవాళ్ల పట్టుదలను చిన్నచూపు చూసే హక్కు ఎవరికీ లేదు. కానీ ఎన్ని ప్రయత్నాలు, ఏ తేదీ దాకా అన్నది ముందే రాసి పెట్టుకోవాలి. ఈలోగా చేతికి ఒక పని అలవాటైతే చదువు కూడా భయం లేకుండా సాగుతుంది.

ఇక బయటివాళ్లనే తీసుకుంటారన్న ఫిర్యాదు సంగతి. రాష్ట్ర ప్రభుత్వం 2019లో పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకే ఇవ్వాలని చట్టం చేసింది. అది హైకోర్టులో సవాలుకు గురైంది. అలాంటిదే అయిన హరియాణా చట్టాన్ని అక్కడి హైకోర్టు 2023 నవంబరులో కొట్టేసింది. వాటా మీద ఇంత పోట్లాడుతూ, అంతకంటే పాతదైన, ఎవరూ కాదనలేని చట్టాన్ని మరిచిపోయాం. 25 మంది లేదా అంతకంటే ఎక్కువమంది ఉన్న ప్రైవేటు సంస్థలు తమ ఖాళీలను ఉపాధి కార్యాలయానికి తెలియజేయాలని 1959లోనే పార్లమెంటు చట్టం చేసింది. కొన్ని రకాల పనులకు మినహాయింపులు ఉన్నా, చదువుకున్నవాళ్లు చేసే చాలా ఉద్యోగాలు దాని కిందికే వచ్చాయి. ఆ కార్యాలయం పంపినవాళ్లనే తీసుకోవాలన్న నిర్బంధం అందులో లేదు, కబురు చెప్పాలన్నదే నిర్బంధం. 2020 సామాజిక భద్రతా స్మృతి ఆ నిబంధనను కెరీర్ సెంటర్ల పేరుతో తనలోకి తీసుకుంది. దాన్ని ఇక్కడ అక్షరాలా అమలు చేస్తే చాలు. సత్యవేడు, వరదయ్యపాళెం మండల కార్యాలయాల గోడ మీద, ఐటీఐల్లో, డిగ్రీ కాలేజీల్లో ప్రతి సోమవారం ఒక జాబితా అతికించాలి. అందులో పని పేరు, కావలసిన నైపుణ్యం, జీతం, షిఫ్టు, కంపెనీ రోలా కాంట్రాక్టా, బస్సు ఏ ఊరిదాకా వస్తుంది, ఎవరిని కలవాలి అన్నవి ఉండాలి. దాన్ని తెలుగులోనూ, తమిళంలోనూ రాయాలి.