ఇల్లు చేతులు మారినంతనే ఒప్పందము మారదు

ఘాజియాబాద్ జంక్షన్‌లోను, అచ్చటి విద్యుత్ లోకో షెడ్డులోను, తపాలా కార్యాలయములలోను పనిచేయుచున్న మన సోదరులలో క్వార్టర్లు దొరకనివారు అద్దె యిండ్లనే ఆశ్రయించవలసి యున్నది. ఢిల్లీని ఆనుకొనియున్న ఈ నగరములో అద్దె భవనము అమ్ముడుపోయిన పిమ్మట తరచుగా జరుగునది ఒకటే. క్రొత్త యజమాని మెట్ల గోడపై ఒక కాగితము అంటించును: ఇకపై నీటి మోటారు కరెంటు, మెట్లదీపము, నీటి పన్ను, ఊడ్చువారి జీతము అద్దెదారులే పంచుకొనవలెను. నిన్నటివరకు అద్దెలో కలిసియున్న ఖర్చు నేడు అద్దెపై అదనపు భారమగును. అద్దె పెరుగలేదని పేరు. నెలాఖరున జేబు మాత్రము ఖాళీ.

వాడుకొన్నవాడు చెల్లించవలెననుట న్యాయమే. మీటరు చూపిన యూనిట్లకు వెల ఇచ్చుటకు ఏ కార్మికుడును వెనుదీయడు. మా అభ్యంతరము అది కాదు. ఈ సౌకర్యములన్నియు కలిపియే అద్దె నిర్ణయమైనప్పుడు, వాటిని వేరుచేసి, అద్దెను పైసాకూడ తగ్గింపక, రెండవసారి వసూలుచేయు హక్కు ఒక్క పక్షమునకే ఎచ్చటినుండి వచ్చినది?

1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టము, 109వ సెక్షను ఈ విషయమున స్పష్టముగా నున్నది. అద్దెకిచ్చిన ఆస్తిని కొన్నవానికి పాత యజమాని హక్కులు సంక్రమించును. అద్దెదారు కోరినచో అతని బాధ్యతలును సంక్రమించును. కొనుటకు పూర్వపు అద్దె బకాయిలను క్రొత్త యజమాని అడుగజాలడు. అమ్మకము సంగతి తెలియక పాత యజమానికే అద్దె చెల్లించినవాడు మరల చెల్లించ నక్కరలేదు. ఇల్లు కొన్నవాడు ఇటుకలను మాత్రమే కొనలేదు. వాటితోపాటు ఒప్పందమును కూడ కొన్నాడు.

పాత కరెంటు బకాయి తీర్చినగాని క్రొత్త కనెక్షన్ ఇవ్వమని సరఫరా సంస్థ నిబంధన పెట్టుట చెల్లునని 2023 మే నెలలో సుప్రీంకోర్టు చెప్పినది. అట్టి బకాయిలను కొనుగోలుదారు బేరమునకు ముందే విచారించుకొని ధరలో తగ్గించుకొనవలెను. ఆ పని చేయనివాడు అడుగదగినది అమ్మినవానినే గాని, పై అంతస్తులోని పోస్టుమేన్‌ను కాదు.

ఉత్తరప్రదేశ్‌లో 1972 నాటి అద్దె చట్టము స్థానమున 2021లో క్రొత్త చట్టము వచ్చినది. ఇందు వ్రాతపూర్వకమైన ఒప్పందమునకే ప్రాధాన్యము. వివాదమును విచారించుటకు జిల్లా కలెక్టరు నియమించు అద్దె అధికారి కలడు. డబ్బు ఇవ్వలేదని నీరు, కరెంటు నిలిపివేయుటను చట్టము నిషేధించినది. యజమాని అద్దె పుచ్చుకొననిచో దానిని ఆ అధికారి వద్ద జమచేయు మార్గమును చూపినది. కాని నోటిమాటపై నిలిచిన అద్దె ఎల్లప్పుడును బలహీనమైనదే. నీరు, మెట్లదీపము, ఊడ్చుట ఎవరి ఖర్చో వ్రాసి లేనప్పుడు, అవి అద్దెలోనే కలిసి యున్నవని రుజువు చేయుట కష్టము.

ఉమ్మడి మీటరు మరొక ఉచ్చు. నాలుగు కుటుంబములు తలా 100 యూనిట్లు వాడినచో ఒక్కొక్కటి తక్కువ శ్లాబులోనే యుండును. ఒకే మీటరు గుండా పోయినచో అవే 400 యూనిట్లై, పై శ్లాబు రేటునకు గురియగును. దానిపై యజమాని తనకు తోచిన రేటు వేసినచో కార్మికుడు రెండు విధముల నష్టపోవును. విద్యుత్ కనెక్షన్ కోరు హక్కు 2003 నాటి విద్యుత్ చట్టము 43వ సెక్షను ప్రకారము యజమానికే గాక నివాసమున్నవానికిని కలదు. యజమాని అనుమతి పత్రము ఇవ్వలేదను కారణమున అద్దెదారునకు విద్యుత్తు నిరాకరింపరాదని సుప్రీంకోర్టు 2022లో తీర్పుచెప్పినది.

కేంద్ర ఉద్యోగుల ఇంటి అద్దె భత్యము ఢిల్లీతో సమానముగా ఘాజియాబాద్‌లో 2024 జనవరి నుండి మూలవేతనములో 30 శాతమునకు చేరినది. అది అద్దె కొరకు ఇచ్చినది. మోటారు కరెంటునకు, ఊడ్చువారి జీతమునకు అందులో వేరే పద్దు లేదు. పోరాడి తెచ్చుకొన్న పెంపును గోడమీది కాగితము మ్రింగివేయుటను చూచుచు ఊరకుండుట తగదు.

కావున సోదరులారా! అంగీకరించిన అద్దెను ఒక్క నెలయు ఆపవద్దు. ఆపినచో న్యాయము మనవైపున ఉండదు. చెల్లింపు బ్యాంకు ద్వారా జరుపుడు, రశీదు దాచుడు. అదనపు వసూలునకు బిల్లు నకలును, లెక్కను వ్రాతపూర్వకముగా కోరుడు. భవనములోని అద్దెదారులందరు ఒకే ఉత్తరముపై సంతకము చేయుడు. ఒంటరి కుటుంబమును ఖాళీ చేయుమని బెదిరించుట సులభము. పది కుటుంబములు కలిసి లెక్క అడిగినచో ఆ కాగితము గోడపై ఎక్కువ దినములు నిలువదు. బ్రాంచి సంఘములు ఇట్టి సోదరులకు ఉత్తరము వ్రాయుటలోను, అధికారి ముందు హాజరగుటలోను తోడుగా నిలువవలెనని కోరుచున్నాము.