కాటను దొర సెలవు

గోదావరి డెల్టాలో పలు గ్రామములందు కాటను దొర విగ్రహములు గలవు. అది న్యాయమే. కాని ఆ పూజలో మనము మఱచు ముచ్చట యొకటి కలదు. ధవళేశ్వరపు ఆనకట్ట పని 1847లో మొదలయ్యెను. మఱుసటి యేడే దొరగారు ఆరోగ్యము చెడి సెలవుపై ఆస్ట్రేలియాకు వెడలిరి. పని నిలిచెనా? నిలువలేదు. కెప్టెన్ ఓర్ పర్యవేక్షింపగా, వీణెం వీరన్నగారు కూలీలను సమకూర్చి నడపగా, పేరు తెలియని వేలాది జనులు రాళ్లు మోసి పని సాగించిరి. 1852లో ఆనకట్ట పూర్తియయ్యెను.

మన సంఘములలో నేమి జరుగుచున్నది? అధ్యక్షుడు ఊర లేనిచో సభ జరుగదు. కార్యదర్శి మంచమెక్కినచో ఎరువుల గిడ్డంగి తాళము తీయువారుండరు. బోదె పూడినచో ఎవరో వచ్చి తీయుదురని యెదురుచూతుము. ఈలోగా చివరి మడి రైతు చేను ఎండును. ఒక్కని భుజములపై నిలిచినది సహకారము గాదు. సమర్థుడు పది దినములు సెలవు పుచ్చుకొన్నను సాగునదే సంఘము.

కావున కర్షక సోదరులారా, ఈ వేసవిని కాలువలు కట్టివేసిన వెంటనే పార చేతబట్టి యెవరి వంతు బోదె వారే బాగుచేసికొందము. లెక్కల పుస్తకము చూచుట సభ్యులలో మఱి యిద్దఱైనను నేర్చుకొనవలయును. దొరగారికి మనము చెల్లింపదగిన నివాళి యిదియే యని మా యభిప్రాయము.