సగంలో నిలిచిన బొంతలు

మన ఇండ్లలో మంచం క్రింది ట్రంకుపెట్టెను తెరచి చూసినవారికి ఆ దృశ్యం చిరపరిచితమే. చేతులు అతకని కుర్తా, కాజాలు తీయని చొక్కా, గోటా సగం దాకా కుట్టి వదలిన దుపట్టా. అన్నిటికీ అడుగున, నాలుగు పాత చీరలను ఒకదానిపై ఒకటి పరచి, కచ్చా కుట్లు వేసి మడిచిపెట్టిన బొంత. రంజాను పండుగకు పది దినాల ముందు ఆ పెట్టె ఒకసారి తెరచుకొంటుంది. పిల్లల బట్టలు రాత్రికి రాత్రి పూర్తవుతాయి. తక్కినవి మళ్ళీ యథాస్థానానికి చేరుతాయి. కళాశాల సంచికలో వ్రాయవలసినంత విషయం ఇందులో ఏమున్నదని పాఠకులు అడగవచ్చు. ఉన్నదనే మా అభిప్రాయం.

ఇట్టి పనులు నిలిచిపోయినప్పుడు నింద పడేది ఇల్లాలి స్వభావంపైననే. ఉర్దూ సాహిత్యంతో పరిచయమున్న కుటుంబాలలో ఈ నిందకు పేర్లు కూడా సిద్ధంగా ఉన్నవి. డిప్టీ నజీర్ అహ్మద్ 1869లో ప్రకటించిన ‘మిరాతుల్ ఉరూస్’ నవలలో అక్క అక్బరీ ఫూహడ్, చెల్లెలు అస్గరీ సుఘడ్. నాటినుండి పెట్టెలో మిగిలిన ప్రతి గుడ్డముక్కా అక్బరీ లక్షణమైపోయింది. అస్గరీ తన ఇంటనే బాలికలకు బడి నడిపిందన్న సంగతిని మాత్రం మన పెద్దలు అంతగా జ్ఞాపకం చేసుకోరు!

నిలిచిపోయిన కుట్టుకు సోమరితనమే కారణమనే తీర్పును మేము అంగీకరించలేము. బొంతకు చేతివేగం కంటె ముందు నేల కావాలి, పగటి వెలుతురు కావాలి, ఎవరూ పిలవని ఒక గంట కావాలి. రెండు గదుల ఇంటిలో బొంత పరచగానే భోజనాల వేళ అవుతుంది. దస్తర్‌ఖాను పరచడానికి బొంతను మడవవలసిందే. పరచడానికీ మడవడానికీ పట్టే కాలంలో నాలుగు వరుసల కుట్లు పడేవి. ఇల్లాలికి ఇట్టి గంట ఒకటి దినచర్యలో లేకపోవడమే అసలు కారణం. అది లేనందుననే ఈ పనికి ‘తీరిక పని’ అని పేరు పెట్టుకొన్నాము.

ఈ పేరు చేసిన హాని మన తెలుగుదేశంలోనే కానవచ్చింది. పశ్చిమ గోదావరి ప్రాంతపు నర్సాపురంలో 19వ శతాబ్దిలో క్రైస్తవ మిషనరీలు నేర్పిన లేసు అల్లిక క్రమంగా విదేశాలకు ఎగుమతి అయ్యే వ్యాపారంగా పెరిగింది. ఆ స్త్రీల శ్రమను పరిశీలించి జర్మన్ విదుషి మరియా మీస్ 1982లో ఒక గ్రంథం ప్రకటించారు. ఇంటి ఆడవారు తీరికవేళ చేసుకొనే పని అని చెప్పబడినందువల్లనే దానికి అతి స్వల్పమైన కూలి ముట్టిందని ఆమె నిరూపించారు. అదే సూది బజారులో పురుషుని చేతికి వస్తే వృత్తి. హైదరాబాదు పాత నగరంలో కార్‌చోబ్ చట్రం ముందు కూర్చుని జర్దోజీ కుట్టే పురుషుని పనిని ఎవరూ తీరిక పని అనరు గదా!

ఇక నిలిచిన పనిని ముందుకు నడిపే ఉపాయం. మేము గమనించినంతలో, తిన్నగా సాగే పొడవైన కుట్టు దగ్గర ఏ పనీ ఆగదు. నిర్ణయం చేయవలసిన చోటనే ఆగుతుంది. మెడ కత్తిరించడం, చేయి అతకడం, మూల త్రిప్పడం: ఇవే ఆ చోట్లు. కత్తెర పడిన గుడ్డ మళ్ళీ కలవదు గనుక ఆ భయం సహజమే. ముందుగా పాత దుప్పటిపై కత్తిరించి చూసుకొంటే భయం సగం తగ్గుతుంది. పని ఆపేటప్పుడు, తరువాత చేయవలసినది ఏమిటో చిన్న కాగితంపై వ్రాసి గుడ్డకు కుట్టి ఉంచాలి. ఆరు నెలలకు విప్పినవారికి కొలతలు జ్ఞాపకం ఉండవు. అదే రంగు దారపు ఉండను, గుండీలను ఆ మూటలోనే కట్టాలి. సూదిని మాత్రం తీసివేయాలి. మడతలో మిగిలిన సూది తుప్పుపట్టి గుడ్డపై వదలని మరక చేస్తుంది.

బొంత విషయంలో లెక్క మరీ సులభం. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు గలది 24 చదరపు అడుగులు. సుద్దతో అడుగు గడులు గీసి దినానికి ఒక గడి చొప్పున కుట్టితే 24 దినాలు. గడి చిన్నది గనుక బొంతనంతా పరచనక్కరలేదు. ఒడిలో పట్టినంత చాలు. కచ్చా కుట్లు దగ్గర దగ్గరగా వేసుకొంటేనే ఇది సాధ్యం. లేకున్న లోపలి పొర జారి ముడతలు పడుతుంది.

అన్నిటినీ పూర్తిచేయాలనే పంతమూ మంచిది కాదు. కుర్తా మొదలుపెట్టిననాటి పిల్లవాడు ఇప్పుడు దానికి రెండింతలై ఉంటాడు. దానిని నిస్సంకోచంగా విప్పి బొంతలో అతుకుగా వేయవచ్చు. పత్రికలవారు పొత్తు కుదరని ప్రభుత్వాలను ‘అతుకుల బొంత’ అని పరిహసిస్తారు. బొంత కుట్టి ఎరుగనివారు కాబోలు. చిరిగిన చీర తానుగా నిలవదు, నాలుగు చీరలు కలిసి కుట్టుబడితే ఏండ్లు నిలుస్తాయి. కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లాలో, ఆఫ్రికా సంతతికి చెందిన సిద్దీ స్త్రీలు హిందువులు, ముస్లిములు, క్రైస్తవులు అన్న భేదం లేక ఇట్టి బొంతలు కుడతారు. అంచున ఆరంభించి, చుట్టూ తిరుగుతూ నడిమికి చేరుకోవడం వారి పద్ధతి. నాలుగు మూలలకు గుడ్డను ముక్కోణంగా మడిచి పువ్వులు పెడతారు. కష్టమైన అంచు మొదటనే ముగియడం ఈ పద్ధతిలోని సుగుణం. మన ఇండ్లలో బొంతలు నిలిచేది అంచు దగ్గరనే.

మా విద్యార్థిని ఒకామె తన నానీమా కుట్టిన సగం బొంతను తెచ్చి చూపింది. ఆమెకు చూపు తగ్గి పని ఆగింది. కొంతకాలానికి ఆమే లేకపోయింది. మూల ఎట్లా త్రిప్పేదో ఇంట్లో ఎవరూ అడిగి తెలుసుకోలేదు. పూర్తయిన రెండు మూలలను దీపం దగ్గర పట్టుకొని కుట్లు లెక్కించి, మూడవదానిని ఆ పిల్ల తానే సాధించింది. నాలుగవది ఇంకా మిగిలి ఉన్నది.

అందుచేత కళాశాల కార్యవర్గానికి మా విన్నపం ఇది. వారానికి రెండు అపరాహ్ణాలు, తరగతులు ముగిసిన పిమ్మట, ఒక గదిని ఇప్పించండి. రెండు కాలిమిషన్లు, ఒక పెద్ద బల్ల, కిటికీ వెలుతురు చాలును. క్రొత్త పాఠ్యక్రమం, పరీక్ష, ధ్రువపత్రం వద్దు. ఇంటిలో నిలిచిన పనిని తెచ్చి కూర్చునే చోటు కావాలి, అంతే. విద్యార్థుల తల్లులకు, నానీమాలకు ప్రవేశముండాలి; మూల త్రిప్పడం చూపగలవారు వారే. బాలురను మినహాయించవద్దు, గుండీ ఊడిన చొక్కాతో తరగతికి వచ్చేవారిలో అధికులు వారే. విద్యార్థినీ విద్యార్థులారా, అనుమతి లభించిననాడు క్రొత్త గుడ్డ కొని తేవద్దు. పెట్టె అడుగున ఉన్నది తీసుకొని రండి.